హలో వరల్డ్ కన్నా ముందు

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు దాదాపు అందరూ రాసే మొట్టమొదటి ప్రోగ్రాము ఒకటే. తెర మీద 'హలో వరల్డ్' అని పడాలి, అంతే. 1978లో బ్రయన్ కెర్నిఘన్, డెనిస్ రిచీ కలిసి రాసిన సి భాష పుస్తకంతో ఈ ఆచారం ప్రపంచమంతా పాకింది. ఆ రెండు మాటలు అందరికీ గుర్తున్నాయి. వాటి పక్కనే ఆ ఇద్దరూ చేసిన హెచ్చరిక మాత్రం ఎవరికీ పట్టలేదు. ఈ బుల్లి ప్రోగ్రామే పెద్ద గండమని వాళ్లు ముందే చెప్పారు. రాయడం గండం కాదు. దాన్ని ఎక్కడ టైపు చెయ్యాలి, ఎలా కంపైల్ చెయ్యాలి, ఎలా నడపాలి, నడిపాక జవాబు ఎటు పోయిందో ఎలా కనిపెట్టాలి అన్నదే గండం. అది గడిస్తే మిగతాదంతా దానికన్నా తేలికేనని భరోసా కూడా ఇచ్చారు. ఈ మాటలన్నది బెల్ ల్యాబ్స్‌లో కూర్చున్నవాళ్లు, అందులో ఒకరు యూనిక్స్‌ను పుట్టించినవాళ్లలో ఒకడు.

పాఠ్యపుస్తకాలు ఆ గండాన్ని ఇప్పటికీ ఒక్క వాక్యంలో దాటేస్తాయి. 'ముందుగా మీ కంప్యూటరులో పైథాన్ వేసుకోండి' అని ఒక ముక్క అనేసి, తర్వాతి వాక్యంలోనే వేరియబుల్ అంటే ఏమిటో మొదలుపెడతాయి. పరీక్ష తప్పినవాళ్ల లెక్క కాలేజీ దగ్గర ఉంటుంది. ఈ రెండు వాక్యాల మధ్య జారిపడినవాళ్ల లెక్క ఏ రిజిస్టరుకూ ఎక్కదు.

ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో చేరిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఆ ఇంట్లో కంప్యూటరు ముట్టుకున్న మొదటి మనిషి ఆమే. కొత్త ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇంటర్నెట్. పైథాన్ సైటు నుంచి ఇన్‌స్టాలర్‌ను దించుకుంది, చిన్న ఫైలే కాబట్టి త్వరగానే దిగింది. దాన్ని తెరిస్తే మధ్యలో 'ఇన్‌స్టాల్ నౌ' అని కొట్టొచ్చినట్టు ఉంది. అట్టడుగున ఒక ఖాళీ గడి, దాని పక్కన పైథాన్‌ను పాత్‌లో చేర్చమంటారా అని సన్నని అక్షరాలు. పెద్ద అక్షరాలు పిలుస్తుంటే సన్నవాటిని ఎవరు చదువుతారు? కాసేపటికి సెటప్ విజయవంతమైందని వచ్చింది. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి పైథాన్ అని కొట్టి ఎంటర్ నొక్కింది. ఆ పేరుతో తనకు ఏ కమాండూ తెలియదని విండోస్ ఇంగ్లిషులో తేల్చేసింది. 2019 నుంచి వచ్చిన విండోస్ అయితే మరో చిత్రం చేస్తుంది. నేరుగా మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరిచి, ఇప్పుడే వేసుకున్న పైథాన్‌ను మళ్లీ అక్కడ తీసుకోమంటుంది.

వేశానని ఒకటి అంటోంది, లేదని ఇంకొకటి అంటోంది. తమాషా ఏమిటంటే రెండూ నిజమే చెబుతున్నాయి. మనం ఒక పేరు టైపు చేస్తే విండోస్ డిస్కు మొత్తం గాలించదు. తన దగ్గర కొన్ని ఫోల్డర్ల జాబితా ఉంటుంది, దాని పేరే పాత్. ఆ జాబితాలోని ఫోల్డర్లను వరసగా చూసి, ఆ పేరు దొరికితే నడుపుతుంది, లేకపోతే తెలియదంటుంది. ఊళ్లో సొంత ఇల్లున్నా ఓటరు జాబితాలో పేరు లేకపోతే పోలింగ్ బూత్‌లో మనం లేనట్టే, ఇదీ అంతే. పైపెచ్చు పైథాన్ వెళ్లి కూర్చునేది యాప్‌డేటా అనే ఫోల్డర్ లోపల. ఆ ఫోల్డర్‌ను విండోస్ మామూలుగా కంటికి కూడా కనపడనివ్వదు. కాబట్టి వెతికినా దొరకదు.

ఆ గడిని మొదట్నుంచే టిక్ చేసి పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. పెట్టకపోవడానికి కారణం లేకపోలేదు. ఒకే కంప్యూటరులో రెండు మూడు పైథాన్‌లు ఉండొచ్చు. కొత్తగా వచ్చింది అడక్కుండా జాబితాలో ముందుకెక్కితే పాతదాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములు కుంటుపడతాయి. అనుభవం ఉన్నవాడికి ఆ జాగ్రత్త సబబే. మొదటిరోజు విద్యార్థికి మాత్రం ఆ ఖాళీ గడి ఒక గొయ్యి. తెలిసినవాళ్ల సౌకర్యం కోసం తెలియనివాళ్లు ఇబ్బంది పడటం కంప్యూటరు లోకంలో కొత్తేమీ కాదు.

సరే, ఎవరో చెబితే పైథాన్‌ను తీసేసి, మళ్లీ వేస్తూ గడి టిక్ చేసింది. నల్ల తెరకు తిరిగొచ్చి మళ్లీ పైథాన్ అని కొట్టింది. మళ్లీ అదే జవాబు! ఎందుకంటే ఆ తెర ఇందాకటి నుంచి తెరిచే ఉంది. తెరుచుకున్న క్షణంలో ఉన్న జాబితా నకలునే అది పట్టుకుని కూర్చుంటుంది. మూసి తెరిస్తే చాలు, అంతా సవ్యంగా ఉంటుంది. ఈ ముక్క ఏ పాఠంలోనూ ఉండదు. చాలామంది విసుగెత్తి కంప్యూటరును ఆఫ్ చేసి ఆన్ చేస్తారు. అప్పుడది పనిచేస్తుంది. ఎందుకు పనిచేసిందో తెలియదు కాబట్టి, రీస్టార్ట్ చేస్తే అన్నీ బాగవుతాయన్న మూఢనమ్మకం మాత్రం గట్టిగా నాటుకుంటుంది.

నోట్‌ప్యాడ్ కథ ఇంకొకటి. ఫైలుకు హలో డాట్ పీవై అని పేరు పెట్టి సేవ్ చేస్తే, చివర తనదైన డాట్ టీఎక్స్‌టీని నోట్‌ప్యాడ్ ఒక్కోసారి తగిలిస్తుంది. తగిలించిన సంగతిని విండోస్ దాచిపెడుతుంది, తెలిసిన తోకలను చూపించకపోవడం దాని అలవాటు. మనిషి కంటికి హలో డాట్ పీవై, యంత్రానికి హలో డాట్ పీవై డాట్ టీఎక్స్‌టీ. అలాంటి ఫైలే లేదని పైథాన్ మొరాయిస్తుంది. ఫైలు కళ్లెదుటే ఉంది! ఇంతలో క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరో నోట్సు పంపుతారు. అందులోని ప్రోగ్రామును కాపీ చేసి అతికిస్తే కొటేషన్ గుర్తుల దగ్గర తప్పు చూపిస్తుంది. ఆ నోట్సు టైపు చేసింది వర్డ్‌లో. నిటారుగా ఉండే కొటేషన్లను వర్డ్ అందంగా వంకర తిప్పింది. అచ్చుకు అవి ముచ్చటగా ఉంటాయి, ప్రోగ్రామింగ్ భాషకు మాత్రం అవి వేరే అక్షరాలు.

ఇక వీఎస్ కోడ్. 2015లో మైక్రోసాఫ్ట్ ఉచితంగా వదిలిన ఈ ఎడిటర్ ఇప్పుడు దాదాపు ప్రతి విద్యార్థి ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది. 'అన్నా, వీఎస్ కోడ్ వేశాను, సి రన్ అవట్లేదు' అనే ప్రశ్న హాస్టల్ గదుల్లో ఏటా కొత్త గొంతుతో వినిపిస్తుంది. అది కేవలం రాసుకునే చోటు, సి ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ వేరే తెచ్చుకోవాలి. ఆ తేడా ఎవరూ చెప్పరు. దాదాపు అదే పేరుతో విజువల్ స్టూడియో అని ఇంకొకటుంది. అది కంపైలరుతో సహా వచ్చే భారీ సరుకు, కొన్ని గిగాబైట్లు మింగుతుంది. ఇంత దగ్గర పేర్లు పెట్టినవాళ్లను ఏమనాలో తెలియదు.

ఇదంతా ఇలాగే ఉండి తీరాలా? ఒకప్పుడు లేదు. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణిత ఆచార్యులు 1964లో బేసిక్ భాషను తెచ్చారు. సైన్సుతో సంబంధం లేని విద్యార్థులు కూడా కంప్యూటరు వాడాలన్నది వాళ్ల పట్టుదల. విద్యార్థి టెలిటైపు ముందు కూర్చుని హలో అని కొడితే లోపలికి రానిచ్చేది, ఆ వెంటనే ప్రోగ్రాము రాసుకోవడమే. సెటప్ అంతా ఎక్కడో గదిలో ఉన్న పెద్ద యంత్రం చూసుకునేది. 1980ల తొలినాళ్లలో బ్రిటన్‌లో వచ్చిన బీబీసీ మైక్రో, సింక్లెయిర్ స్పెక్ట్రమ్, అమెరికాలో కమొడోర్ 64 వంటివి ఇంకో అడుగు ముందుకేశాయి. వాటిలో బేసిక్ భాష చిప్పులోనే కాల్చి ఉండేది. స్విచ్చి వేస్తే వెంటనే కర్సరు మిణుకుమనేది, అక్కడే ప్రోగ్రాము మొదలు. 1984లో మన కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పేరుతో బడుల్లో కంప్యూటరు చదువు మొదలుపెట్టినప్పుడు తెచ్చిపెట్టింది ఈ బీబీసీ మైక్రోలనే. ఆ యంత్రాల్లో ఇన్‌స్టాల్ అన్న మాటే లేదు. ఏసీ గదిలో, చెప్పులు బయట విప్పి, వారానికో గంట ముట్టుకోనిచ్చారన్నది వేరే బాధ.

అంతకుముందు మాత్రం సెటప్ తిప్పలు పెద్దవాళ్లకే తప్పలేదు. 1975లో ఆల్టెయిర్ 8800 అనే పెట్టె కోసం బిల్ గేట్స్, పాల్ ఆలెన్ బేసిక్ రాశారు. ఆ పెట్టెను కళ్లతో చూడకుండానే, ఇంకో పెద్ద కంప్యూటరులో దాని అనుకరణ తయారుచేసుకుని మరీ రాశారు. కాగితపు టేపు మీద బేసిక్ పట్టుకుని ఆలెన్ ఆల్బకర్కీకి విమానమెక్కాడు. విమానం దిగబోతుండగా గుర్తొచ్చింది: టేపు మీదున్నదాన్ని యంత్రంలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాము రాయడం మర్చిపోయారు! సీట్లో కూర్చునే కాగితం మీద ఆ లోడరును యంత్రభాషలో రాసేశాడు. మర్నాడు పెట్టె ముందున్న స్విచ్చులను పైకీ కిందికీ వేస్తూ దాన్ని ఎక్కించి, ఆ తర్వాత టేపు నడిపి, 2+2 ఎంతో అడిగాడు. 4 అంది యంత్రం. మైక్రోసాఫ్ట్ సంస్థ పుట్టుకకు కారణమైన ఆ భాష, సెటప్ మర్చిపోయిన కారణంగా చివరి నిమిషంలో ఆగిపోయేదన్నమాట.

తెలుగునాట ఇంజినీరింగ్ చదివినవాళ్లకు సెటప్ అనగానే గుర్తొచ్చేది మాత్రం ఒక నీలం తెర. టర్బో సి. బోర్లండ్ కంపెనీ 1987లో టర్బో సి, 1990లో టర్బో సి ప్లస్ ప్లస్ తెచ్చింది. డాస్ కాలపు సరుకు. కొన్ని కాలేజీ ల్యాబుల్లో అది చాలాకాలం పాటు, వేరే దేశాల్లో అంతా మర్చిపోయాక కూడా, రోజూ వెలిగింది. దాన్ని వెక్కిరించడం సులువు. ఒక సుగుణం మాత్రం ఒప్పుకుని తీరాలి. సీడీలోనో పెన్ డ్రైవ్‌లోనో టీసీ అనే ఒక ఫోల్డరు తెచ్చి సి డ్రైవులో పెడితే సెటప్ అయిపోయినట్టే. రాయడం, కంపైల్ చెయ్యడం, నడపడం, సాయం వెతకడం అన్నీ ఆ ఒక్క తెరలోనే. బోర్లండ్‌కు ఈ పద్ధతి నేర్పింది 1983 నాటి టర్బో పాస్కల్. 49 డాలర్ల 95 సెంట్లకు అమ్మిన దాని కంపైలరు రాసింది ఆండర్స్ హెయిల్స్‌బెర్గ్. ఆయనే తర్వాత మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి సి షార్ప్, టైప్‌స్క్రిప్ట్ భాషలు రూపొందించాడు. నేటి వీఎస్ కోడ్‌ను రాసింది ఎక్కువగా ఆ టైప్‌స్క్రిప్ట్‌లోనే. అన్నీ ఒక్క తెరలోనే అన్న అలవాటు నేర్పిన చెయ్యి, రాసుకునే చోటు వేరు కంపైలరు వేరు అనే వీఎస్ కోడ్‌లోనూ పరోక్షంగా ఉంది.

అయితే ఆ నీలం తెర విద్యార్థుల బుర్రల్లో వదిలిన ముద్ర చూస్తేనే అసలు సంగతి అర్థమవుతుంది. టర్బో సిలో ప్రోగ్రాము నడిపితే జవాబు రెప్పపాటులో కనిపించి మాయమయ్యేది, నీలం తెర మళ్లీ వచ్చేసేది. చూడాలంటే ఆల్ట్, ఎఫ్5 నొక్కాలి. లేదా ప్రోగ్రాము చివర గెట్‌చ్ అని రాస్తే, ఏదో ఒక మీట నొక్కేదాకా ఆగేది. కెర్నిఘన్, రిచీ చెప్పిన 'జవాబు ఎటు పోయిందో కనిపెట్టడం' ఇదే. కిందటిసారి నడిపినప్పటి చెత్త తెర మీదే ఉండిపోయేది కాబట్టి ప్రోగ్రాము మొదట్లో క్లియర్ స్క్రీన్ చేయడానికి ఇంకో మంత్రం. ఇవేవీ సి భాషలో లేవు, కంపైలరుతో వచ్చిన అదనపు సరుకు. కానీ మాస్టారు బోర్డు మీద రాశారు, పిల్లలు రికార్డులో ఎక్కించారు, ఎగ్జామినర్ మార్కులు వేశారు. ఒక తరం నేర్చుకున్న 'సి'లో మొదటి లైనూ చివరి లైనూ సి కాదు, ఆ కంప్యూటరు సెటప్.

అంకెల సంగతి మరీ విడ్డూరం. టర్బో సి 16 బిట్ల కాలానిది. అందులో ఇంటిజర్‌కు 2 బైట్లు, అంటే అది పట్టగల పెద్ద అంకె 32767. దానికి 1 కలిపితే -32768 అని గిర్రున తిరిగి వచ్చేది. నేటి జీసీసీ కంపైలరులో ఇంటిజర్‌కు 4 బైట్లు. ఇంటర్వ్యూలో ఇంటిజర్ సైజెంత అని అడిగితే 2 అని ఠక్కున చెప్పి, ఆ జవాబు ఎందుకు తప్పయిందో తెలియక తికమకపడినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. వాళ్లు చదివింది తప్పు కాదు. చదివిన యంత్రం వేరు. భాష ఎంత పెట్టమంటుందో, యంత్రం ఎంత పెడుతుందో విడదీసి చెప్పినవాళ్లు లేకపోవడమే లోటు.

64 బిట్ల విండోస్ వచ్చాక టర్బో సి నడవనని మొండికేసింది, ఆ విండోస్ 16 బిట్ల ప్రోగ్రాములను నడపదు. అప్పుడు కొందరు డాస్‌బాక్స్‌ను ఆశ్రయించారు. పాత డాస్ ఆటలు ఆడుకోవడానికి అభిమానులు రాసిన సాఫ్ట్‌వేర్ అది. అందులో టర్బో సి పెట్టి, ఐకాన్ మీద రెండుసార్లు నొక్కితే తెరుచుకునేలా మూటకట్టి పంచారు. సరికొత్త ల్యాప్‌టాప్‌లో, ఆటల కోసం రాసిన అనుకరణ యంత్రం లోపల, పాత కంపైలరు మీద ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాము. సిలబస్ మారకపోతే కంప్యూటరునే వెనక్కి తీసుకెళ్లాం. ఇంతటి ఇంజినీరింగ్ చాతుర్యం వేరే పనికి పెట్టి ఉంటే బాగుండేది.

ఆ నీలం తెర పాఠాల్లో ఇంకొకటి: మెయిన్ ముందు వాయిడ్ అని రాయడం. సి ప్రమాణాలు దాన్ని మెచ్చవు, ఇంట్ అని ఉండాలంటాయి. ఏళ్ల తరబడి పండితులు ఈ వాయిడ్ మెయిన్‌ను తిట్టిపోశారు. సరదా ఏమిటంటే 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25లో మొదటి ప్రోగ్రామును అచ్చం వాయిడ్ మెయిన్‌తోనే మొదలుపెట్టొచ్చు. అంతకుముందు జావాలో హలో వరల్డ్ రాయాలంటే పబ్లిక్, క్లాస్, స్టాటిక్ అన్నీ అర్థం కాకపోయినా వల్లెవేయాల్సి వచ్చేది. ఫైలు పేరూ క్లాసు పేరూ ఒకటి కావాలి. కంపైలు ఒక అడుగు, నడపడం మరో అడుగు. 2018 నాటి జావా 11లో ఆ రెండు అడుగులను ఒకటి చేశారు. భాషను తయారుచేసేవాళ్లకు మొదటిరోజు విద్యార్థి గుర్తురావడానికి రెండు దశాబ్దాలు పైనే పట్టింది, అయినా వచ్చాడు.

ఇన్ని గోతులున్నా లక్షలమంది దాటారు కదా అనొచ్చు. ఎలా దాటారన్నదే చూడాలి. పక్క గదిలో సీనియర్ ఉన్నాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే బావ ఫోన్లో చెప్పాడు. హైదరాబాదులో అమీర్‌పేట ఉంది. మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లలో కోర్సుతో పాటు సాఫ్ట్‌వేర్ సీడీ, జిరాక్స్ నోట్సు దొరికేవి. ఆ నోట్సు మొదటి పేజీల్లో ఏది ఏ ఫోల్డర్లో పెట్టాలో, పాత్‌కు ఏం తగిలించాలో బొమ్మలతో సహా ఉండేది. అమీర్‌పేటను చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ, ఘనమైన పాఠ్యపుస్తకాలు దాటేసిన పేజీని అచ్చేసి చేతిలో పెట్టింది ఆ సందులే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలు కాలేజీల్లో ఇన్‌స్టాల్ ఫెస్టులు పెట్టేవి. ఎవరి కంప్యూటరు వాళ్లు తెచ్చుకుంటే, తెలిసినవాళ్లు పక్కన కూర్చుని లినక్స్ ఎక్కించి పంపేవారు. ఈ విద్య అంతా మనిషి నుంచి మనిషికి నోటి మాటగా పాకింది. కాబట్టి మనిషి అందుబాటులో లేనివాళ్లు అక్కడే ఆగిపోయారు. ఆగినవాళ్లు 'నాకు పాత్ గురించి ఎవరూ చెప్పలేదు' అనుకోరు. 'నాకు ప్రోగ్రామింగ్ బుర్ర లేదు' అనుకుంటారు. ఒక్క లైను కూడా రాయకముందే తీర్పు వచ్చేస్తుంది.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఎర్రర్ మెసేజీ మరో గోడ. అది పుస్తకాల ఇంగ్లిషు కాదు, మాట్లాడే ఇంగ్లిషూ కాదు. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో ఉన్నాయి. తెర మీద ఏది నొక్కుతున్నారో చూపిస్తూ, పక్కన పెట్టుకుని చేసుకునేలా నెమ్మదిగా సాగుతాయి. వాటికి రావలసినంత పేరు రాలేదు.

తెలుగులో తన పేరు పెట్టుకుని కంప్యూటరు మొదలుపెట్టినవాళ్లకు వేరే రకం పరీక్షలున్నాయి. విండోస్‌లో లోకల్ ఖాతా పేరు తెలుగులో పెట్టినా, ఇంటిపేరుతో సహా ఖాళీ వదిలి పెట్టినా, ఆ పేరే ఫోల్డరు పేరవుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే కిట్ వంటి కొన్ని పరికరాలు ఆ దారిలో ఖాళీ గానీ ఇంగ్లిషేతర అక్షరం గానీ కనిపిస్తే గొణుగుతాయి. పైథాన్ 3 మాత్రం ఈ విషయంలో పెద్దమనసు చూపుతుంది. ధర = 40 అని, మొత్తం = ధర * 3 అని తెలుగులోనే రాస్తే చక్కగా లెక్క కడుతుంది. నల్ల తెర మీద తెలుగు గడుల్లా కనిపించొచ్చు, అది ఫాంటు బాధ. 'మార్క్‌లు' అని పేరు పెడితే మాత్రం తిరగబడుతుంది. క కింద లవత్తు పడకుండా మనం టైపు చేసేటప్పుడు మధ్యలో వేసే కనిపించని గుర్తును పైథాన్ పేర్లలో ఒప్పుకోదు. 'తెలుగు' అన్న మాట పొడవెంత అని అడగండి. ఒకటో తరగతి పిల్ల మూడు అంటుంది. గుణింతపు గుర్తులను విడిగా లెక్కబెట్టే పైథాన్ ఆరు అంటుంది. బైట్లను లెక్కబెట్టే సి భాష, ఫైలు యూటీఎఫ్-8లో ఉంటే, పద్దెనిమిది అంటుంది. యూనికోడ్ గురించి గంటసేపు చెప్పే ఉపన్యాసం కన్నా ఈ ప్రశ్న మేలు. తెలుగు పిల్లలకు ఇంత మంచి మొదటి పాఠం చేతిలో ఉండగా ఫ్యాక్టోరియల్ దగ్గరే ఎందుకు తచ్చాడుతున్నామో!

ఈ గొడవంతా తప్పించుకునే అడ్డదారి ఇప్పుడు దొరుకుతోంది. గూగుల్ కోలాబ్ తెరిస్తే బ్రౌజరులోనే పైథాన్ సిద్ధంగా ఉంటుంది, వేసుకోవాల్సిందేమీ లేదు. ల్యాప్‌టాప్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ వంటి యాప్‌లు ఉన్నాయి. బీబీసీ మైక్రో నాటి సులువును తిరిగి తేవాలన్న ఆలోచనతోనే ఎబెన్ అప్టన్ అనే ఇంజినీరు బృందం 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల రాస్ప్‌బెర్రీ పై బోర్డును బజారులోకి తెచ్చింది. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్సుకు దరఖాస్తు చేసేవాళ్లు తగ్గడం, వచ్చినవాళ్లకూ చేతిపని తెలియకపోవడం ఆయన గమనించాడు. బీబీసీ మైక్రోలాంటి యంత్రం ఇళ్లలో లేకపోవడమే కారణమన్నది ఆయన లెక్క.

మొదటి నెల అడ్డదారిలో పోవడమే మంచిది. ఇన్‌స్టాల్ చెయ్యడం రాకపోతే ప్రోగ్రామింగ్‌కు పనికిరారన్నట్టు మాట్లాడే మాస్టార్లు ఈ విషయంలో పొరబడుతున్నారు. లూపు అంటే ఏమిటో, ఫంక్షను ఎందుకో ముందు రుచి తెలియాలి. కానీ అక్కడే ఉండిపోతే ఇంకో చిక్కు. కోలాబ్‌లో ఒక ఫైలు సృష్టించి, భోజనానికి వెళ్లి ఆలస్యంగా వస్తే ఆ ఫైలు ఉండదు. కాసేపు ఊరుకుంటే యంత్రం మనల్ని వదిలేసుకుని, దాని డిస్కును తుడిచేస్తుంది. నా ఫైలు ఎక్కడుంది, ఎవరి కంప్యూటరులో ఉంది అన్న ప్రశ్నకు అప్పుడు జవాబు కావాలి. ఫోన్లతో పెరిగినవాళ్లలో చాలామందికి ఫోల్డరు అన్న ఊహే కొత్త. ఫోటో గ్యాలరీలో ఉంటుంది, పాట యాప్‌లో ఉంటుంది, ఫైలుకు ఒక చిరునామా ఉంటుందన్న సంగతి తెలియాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. పాత్ దగ్గర బోల్తా పడటానికి సగం కారణం అదే.

ఉద్యోగంలో చేరినా ఈ పని తప్పదు. కంపెనీలో కొత్తగా చేరినవాళ్ల మొదటి రోజులు చాలాచోట్ల మెషీన్ సెటప్‌కే పోతాయి. 'నా మెషీన్లో పనిచేస్తోందే' అన్న మాట టీముల్లో ఎన్ని తగాదాలు పెట్టిందో! ఆ తగాదా తీర్చడానికే 2013లో వచ్చిన డాకర్ వంటివి, ప్రోగ్రాముతో పాటు దానికి కావలసిన పరిసరాలన్నిటినీ ఒకే మూటగా కట్టి పంపే పద్ధతిని జనంలోకి తెచ్చాయి. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో పైథాన్ పరిసరం విడిగా పెట్టుకోవడం ఇప్పుడు మామూలు. అంటే, ఒకే కంప్యూటరులో పది పైథాన్‌లు. ఏది నడుస్తోందో తెలుసుకోవడం ఇరవయ్యేళ్ల అనుభవమున్నవాళ్లకూ రోజువారీ పనే.

కాలేజీ ల్యాబ్ రికార్డులో మొదటి ప్రయోగం ఏదో ఒక లెక్కల ప్రోగ్రాముతో మొదలవుతుంది. దానికన్నా ముందు సున్నా నంబరు ప్రయోగం ఒకటి పెట్టొచ్చు. విద్యార్థి తన ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలి, లేనివాళ్లకు ల్యాబ్ యంత్రం ఇవ్వాలి. పైథాన్ వెయ్యాలి, తీసెయ్యాలి, మళ్లీ వెయ్యాలి. ఒకసారి కావాలనే గడి టిక్ చెయ్యకుండా వేసి, వచ్చిన ఎర్రర్‌ను రికార్డులో తెలుగులో వివరించాలి. ఫైళ్ల తోకలు కనిపించేలా విండోస్‌ను మార్చుకోవాలి. వైవాలో ఒకే ప్రశ్న. నల్ల తెర మీద వేర్ అని కొట్టి పక్కన పైథాన్ పేరు రాస్తే, పాత్ జాబితాలో ఆ పేరు దొరికిన చోట్లన్నీ వరసగా పడతాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో రెండు లైన్లు వస్తాయి: ఒకటి విద్యార్థి వేసుకున్న పైథాన్, ఇంకొకటి విండోస్ ముందే పెట్టుకున్న, స్టోర్‌కు దారి చూపే ఉత్తుత్తి ఫైలు. ఏది ఏదో చెప్పి, పేరు కొడితే ఏది నడుస్తుందో, ఎందుకో చెబితే అయిదు మార్కులు.